కొత్త కారుకి పాత చీరలు

కొత్త కారు కొన్నవాళ్ళ బెంగ మామూలుగా బయటవైపు ఉంటుంది. ఏ పిల్లాడు మేకుతో గీస్తాడో, ఏ స్కూటర్ హ్యాండిల్ తగులుతుందో అని. మా ఇంట్లో మాత్రం బెంగంతా లోపలే. కారణం సీట్ల గుడ్డ రంగు. కాగితం మీద దాని పేరు బీజ్. నా కళ్ళకి అచ్చం మీగడ. ఆవకాయ, పసుపు, కుంకుమ, కొబ్బరినూనె... ఇవి లేకుండా రోజు గడవని జనానికి ఆ రంగు సీట్లు పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, వాళ్ళు ఎన్నడూ పెళ్ళి భోజనం చేసి అదే చేత్తో కారు తలుపు తీసి ఉండరని నా నమ్మకం.

మేం తీసుకున్న రకానికి ఆ రంగే వస్తుందట. నల్ల సీట్లు కావాలంటే ఇంకా పై రకానికి వెళ్ళాలి, లక్షకి పైగా తేడా. ఏడేళ్ళ లోనుతో కొన్న చిన్న కారు మాది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

డెలివరీకి రెండు రోజుల ముందు షోరూమ్ కుర్రాడు ఒక కాగితం చేతిలో పెట్టాడు. రెక్సిన్ సీటు కవర్లు 9,500. ‘ఇంటీరియర్ ప్రొటెక్షన్’ 4,800. కాళ్ళ కింద మ్యాట్లు 3,900. కూడితే 18,200. మా ఈఎంఐ రెండు నెలలది ఇంచుమించు అంతే.

“ఈ ప్రొటెక్షన్ అంటే ఏం చేస్తారు బాబూ?” అని అడిగాను.

“స్ప్రే కొడతాం మేడమ్. నీళ్ళు పడితే తామరాకు మీద బొట్టులా జారిపోతాయి.”

పోలిక బాగుంది. ఎన్నాళ్ళు జారతాయి అంటే మాత్రం నవ్వి ఊరుకున్నాడు. ఆ పూత పనికిరానిదని నేననను. కొత్తలో నీళ్ళు, టీ చుక్కలు వెంటనే లోపలికి ఇంకకుండా ఆపుతుంది, తుడుచుకునే వ్యవధి ఇస్తుంది. కానీ కూర్చుని లేచే రాపిడికి అరిగిపోతుంది, మళ్ళీ కొట్టించుకోవాలి. అందులోనూ అరగడం అనేది మనం రోజూ కూర్చునే చోటే ముందు జరుగుతుంది. ఏటేటా అంత పెట్టే ఓపిక నాకు లేదు. మొత్తం మీద 3,000 దాటకూడదని గీత గీసుకున్నాను.

మావారి పద్ధతి ఇంకా చవక. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ తొడుగులు అలాగే ఉంచేద్దామన్నారు. వాళ్ళది టీవీ రిమోట్‌కి కూడా కవరు విప్పని వంశం. కానీ విజయవాడ ఎండలో ప్లాస్టిక్ మీద కూర్చుంటే పది నిమిషాల్లో వీపు తడిసిపోతుంది. కిందికి చేరిన తేమ ఆరే దారి లేక ముక్కవాసన మొదలవుతుంది. బ్రేక్ వేస్తే మనిషి సర్రున ముందుకి జారతాడు. మూడో రోజు కత్తెర తీసుకుని నేనే కోసి పారేశాను. ఆ రోజు ఆయన నాతో మాట్లాడలేదు. అది వేరే సంగతి.

ఈలోగా గుడ్డ గురించి కొంచెం తెలుసుకున్నాను. మామూలు కార్ల సీట్ల మీద ఉండేది ఎక్కువగా పాలిస్టర్. పాలిస్టర్ పోగు నీళ్ళని పెద్దగా పీల్చదు. నీళ్ళు దాని సందుల్లోంచి దిగి కింద ఉన్న స్పాంజిలోకి పోతాయి. ఇల్లు తుడిచే స్పాంజి అయితే పిండుకోవచ్చు, సీటులోని దాన్ని పిండలేం. పైన గుడ్డ గంటలో ఆరిపోయి కొత్తదానిలా కనపడుతుంది గానీ కింద తడి రోజుల తరబడి ఉంటుంది. పాలు ఒలికిన కారు వారం తర్వాత ఎందుకు కంపు కొడుతుందో అప్పుడర్థమైంది. అంటే మనం కాపాడుకోవాల్సింది పైన కనపడే గుడ్డ కన్నా, కింద కనపడని స్పాంజి.

నూనె సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. నీళ్ళని వద్దనే పాలిస్టర్ నూనెని మాత్రం ప్రేమగా పట్టేసుకుంటుంది. తలకి నూనె రాసుకుని వెనక్కి వాలితే నెల తిరిగేసరికి హెడ్‌రెస్ట్ మీద గుండ్రటి మచ్చ. దానికి నేను పెట్టిన ఖర్చు సున్నా. పాత చేతి తువ్వాళ్ళు రెండు మడిచి, అంచులకి నాడాలు కుట్టి హెడ్‌రెస్ట్‌లకి కట్టాను. అయినా ఎక్కడైనా నూనె చుక్క పడితే రుద్దకూడదు. కాగితం అద్ది, పైన ముఖానికి రాసుకునే టాల్కమ్ పౌడర్ మందంగా చల్లి రాత్రంతా ఉంచి, తెల్లారి బ్రష్‌తో దులిపితే చాలావరకు పీల్చేస్తుంది.

పసుపు కథ మొదటి రోజే మొదలైంది. దుర్గమ్మ గుడి దగ్గర వాహన పూజ చేయించాం. పూజారిగారు స్టీరింగ్‌కి బొట్లు పెడుతుంటే ఇంత పసుపూ ఇంత కుంకుమా డ్రైవర్ సీటు మీద రాలాయి. వెనకాల నుంచున్న ఒకావిడ “తడిగుడ్డ పెట్టి తుడిచెయ్యమ్మా” అంటూ సీసా మూత తీసింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. పొడిగా ఉన్నంతసేపూ అది దుమ్ము. తడి తగిలిందా, రంగు. మెత్తటి బ్రష్‌తో కాగితం మీదికి ఎత్తేస్తే తొంభై పాళ్ళు పోయింది. మిగిలిన పచ్చటి నీడకి సబ్బు జోలికి పోలేదు. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ప్రతి ఆడదానికీ తెలుసు. సబ్బుకి కూడా కొంచెం అదే గుణం ఉంటుంది, పచ్చమచ్చ కాస్తా ఎర్రమచ్చ అవుతుంది. కారుని ఎండలో, ఆ సీటు మీద వెలుగు పడేలా మూడు మధ్యాహ్నాలు నిలబెట్టాను. పసుపు రంగు ఎండకి వెలిసిపోతుంది. వ్రతాల్లో పసుపు రాసిన బట్టలు దండెం మీద తెల్లబడటం చూసినవాళ్ళమే కదా.

ఆ ఎండే మళ్ళీ శత్రువు కూడా. రోజూ ఒకే వైపు ఎండ పడితే సీటు గుడ్డ సహజమైన రంగు కూడా వెలుస్తుంది. అద్దాలకి నల్ల ఫిల్మ్ అంటిద్దామంటే, 2012లో సుప్రీంకోర్టు వద్దని చెప్పింది. అందుకని ముందు అద్దానికి మడతపెట్టే వెండిరంగు అట్ట, పక్క అద్దాలకి జాలీ తెరలు, అన్నీ కలిపి 380 రూపాయలకి తెచ్చాను. ఆగి ఉన్నప్పుడే పెట్టడం, కదిలేముందు తీసెయ్యడం. మ్యాట్లు మామూలు రబ్బరువి, 850. ఇక్కడ ఒక్కమాట. డ్రైవర్ కాళ్ళ కింద మ్యాట్ కొక్కేనికి తగిలించి ఉండాలి. పాత మ్యాట్ మీద కొత్తది వెయ్యడం, పైన న్యూస్‌పేపర్ పరవడం చెయ్యొద్దు. జారి బ్రేక్ కిందికి పోయిందంటే కార్పెట్ శుభ్రంగా ఉండి లాభం లేదు.

ఇక అసలు సమస్య, సీట్లు. 2,000కే మొత్తం కారుకి కవర్లు దొరుకుతాయని ఎవరో చెబితే ఆటోనగర్ వెళ్ళాను. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టేవాళ్ళ దగ్గరనుంచి పాత బ్యాటరీలు కొనేవాళ్ళ దాకా అందరూ ఉంటారు. ఓ మూల లారీ సీట్లు కుట్టే పెద్దాయన కనిపించాడు. కారు దగ్గరికి వచ్చి, కవర్ల గురించి మాట్లాడకుండా ముందు సీటు పక్కన తలుపువైపు వేలు పెట్టి చూపించాడు. చిన్న ట్యాగు కుట్టి ఉంది, ఎయిర్‌బ్యాగ్ అని.

“ఇది సీటులోంచే పగిలి వస్తదమ్మా. రెప్పపాటులో రావాలి. దీని మీద గట్టి కవరు బిగించి కుడితే ఎట్టా వస్తది? దీనికోసమే పక్కన బలహీనమైన కుట్టు వేసి చేసే కవర్లుంటాయి. నా దగ్గర లేవు. రెండువేల కవర్లలోనూ ఉండవు.”

బేరం పోగొట్టుకుని నిజం చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈమధ్య చిన్న కార్లకి కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు. అందులో రెండు మామూలుగా ముందు సీట్ల పక్కల్లో ఉంటాయి. కారుతో ఇచ్చే పుస్తకంలో కూడా ఈ హెచ్చరిక ఉంది. మనం ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరుతో సహా భద్రంగా దాస్తాం కదా, చదవం.

పెద్దాయన ఇంకోటి కూడా చూపించాడు. వెనక సీటు మీద పరిచే గుడ్డల కింద బెల్టు తాళాలు పూడిపోతాయి. ఆ తర్వాత వాటిని తవ్వి తీసి పెట్టుకునే ఓపిక ఎవరికీ ఉండదు. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చునే. వెనకవాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాలన్నది చట్టం, లేకపోతే 1,000 రూపాయల జరిమానా. “ఏం పరిచినా తాళాలు పైకి రావడానికి కాజాల్లాగా చీలికలు పెట్టించుకోండి” అన్నాడు. ఏం పరవాలి అని ఆలోచించుకుంటూ ఇంటికొచ్చాను.

ఇప్పుడు నూజివీడు వెళ్ళాలి. ఆ కారు కొన్నదే నూజివీడు కోసం.

మా అత్తయ్యకి 73. నూజివీడు దగ్గర పల్లెలో మావయ్యగారు పోయాక కూడా ఆ ఇంట్లోనే ఉంటున్నారు. కళ్ళకీ మోకాళ్ళకీ విజయవాడ డాక్టర్ల దగ్గరికి రావాలి. బస్సు మెట్టు ఎక్కడం కష్టమైపోయింది. ఆటోలో నలభై చిల్లర కిలోమీటర్లు కుదుపు. అందుకే ఈ లోను, ఈ మీగడరంగు సీట్లు.

కారు తీసుకుని మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ హారతిచ్చి, తలుపు తీసి, సీటుని అరచేత్తో కాకుండా చేతి వెనకవైపుతో తాకి చూశారు. “పట్టులా ఉందే” అన్నారు. ఓ రౌండ్ వేసొద్దాం రండి అంటే, “నేనెందుకమ్మాయ్, మాసిపోద్ది” అని వెనక్కి తగ్గారు. డాక్టర్ దగ్గరికి రమ్మంటే మొదటిసారి గేదె ఈనేలా ఉందన్నారు. రెండోసారి మొక్కుందన్నారు. మూడోసారి, “కారులో నాకు కడుపులో తిప్పుద్ది” అన్నారు. అమ్మకి కారంటే భయమని మావారు తేల్చేశారు.

నాకలా అనిపించలేదు. ఆ రాత్రి అక్కడే ఉన్నాం. తెల్లారుజామున పెరట్లోకి వెళితే, పాక వెనక ఎవరికీ కనపడని దండెం మీద మడతలు వేసి కుట్టిన మెత్తటి గుడ్డముక్కలు వరసగా ఆరేసి ఉన్నాయి. ఆ ఇంట్లో పసిపిల్లలు లేరు.

దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా ఆగని ఇబ్బంది అది. నలుగుర్ని కన్న ఆ వయసు ఆడవాళ్ళలో కొత్తేం కాదు. నవ్వుతాలుకి కూడా ఎవరితోనూ అనుకోరు, అంతే. కొడుకుతో చెప్పరు, కోడలితో అసలే చెప్పరు. పెళ్ళిళ్ళకి మానేస్తారు, తిరుపతి మానేస్తారు, అందరూ ‘పెద్దావిడకి ఓపిక లేదు’ అనుకుంటారు. డాక్టర్ దగ్గరికి వెళితే వ్యాయామాలతోనో మందులతోనో చాలామందికి తగ్గేదే. కానీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే ముందు ఆ సీటు మీద కూర్చోవాలి కదా. మేం దాన్ని ఎంత అపురూపంగా తుడుచుకుంటున్నామో ఆవిడ చూస్తూనే ఉన్నారు.

నేను చూశానని చెప్పలేదు. పొద్దున్న కాఫీ తాగేటప్పుడు, “అత్తయ్యా, మీ పాత చీరలు ఓ అయిదారు ఇస్తారా? కారు సీట్ల మీదికి బొంతలు కావాలి. బజార్లో కొంటే వేలకి వేలు అడుగుతున్నారు” అన్నాను.

డబ్బు ఆదా అనేసరికి ఆవిడకి హుషారొచ్చింది. ట్రంకుపెట్టె దించారు. మంగళగిరి నేత చీరలు, చీరాల చీరలు, అంచులు తప్ప ఒళ్ళంతా వెలిసి చెయ్యి వేస్తే వెన్నలా జారేవి. కారు సీటుకి ఇంతకన్నా మంచి గుడ్డ లేదని నేను పందెం కాస్తాను. వంద ఉతుకులు చూసింది కాబట్టి చెమట తగిలినా రంగు దిగదు. కొత్త జీన్స్ ప్యాంటుల నీలం, కొత్త చీరల ఎరుపు కింది సీటుకి అంటకుండా తనే ఆపుతుంది. నూలు కాబట్టి రెక్సిన్‌లా కాలదు, పాలిస్టర్‌లా ఉక్కపెట్టదు. పైగా ఊరికే వస్తుంది.

కుట్టడానికి మనిషిని పిలుస్తానంటే ఒప్పుకోలేదు. నాలుగు పొరలు వేసి, వసారాలో చాప మీద కూర్చుని, మోకాలు చాపుకుని, తనే మొదలుపెట్టారు. బొంత కుట్టు తెలిసినవాళ్ళకి తెలుసు, అది తొందరపడే పని కాదు. మధ్యాహ్నం నేను ఊళ్ళోకి వెళ్ళి మందుల షాపులో నీరు దిగని షీటు తెచ్చాను. పసిపిల్లల పక్క కింద వేసేలాంటిదే, ఒకవైపు రబ్బరు, ఒకవైపు మెత్తటి గుడ్డ. వెనక సీటుకి సరిపడా 640 రూపాయలైంది.

“మధ్యలో ఇదేంటే?” అన్నారు అత్తయ్య.

“పిల్లలు నీళ్ళ సీసాలు ఒలకబోస్తారు అత్తయ్యా. కింద స్పాంజి తడిస్తే ఆరదట. ఇదుంటే ఏది పడ్డా బొంత తీసి ఉతుక్కోవడమే.”

సూది ఆగింది. “ఏది పడ్డానా?”

“ఏది పడ్డా.”

ఆవిడ కాసేపు దారాన్ని పంటితో కొరుకుతూ కూర్చున్నారు. తర్వాత, “అయితే దీన్ని కలిపి కుట్టగూడదు. సూది దిగిన చోటల్లా నీళ్ళు దిగుతాయి” అన్నారు. నాకు తట్టని సంగతి. ఆవిడే దారి కూడా చెప్పారు. బొంత కింద దిండు గలీబులా ఒక సంచీ కుట్టి, షీటు అందులోకి దూర్చి, అంచున మూడు బొత్తాలు పెట్టడం. ఉతికేటప్పుడు షీటు బయటికి లాగి తుడిచి నీడన ఆరేస్తే సరి, ఎండలో వేస్తే పగుళ్ళిస్తుందట.

పరిచే గుడ్డ జారకుండా నాడాలు, బెల్టు తాళాలకి చీలికలు, వాటి చుట్టూ కాజా కుట్టు, ఇవి చేతికుట్టుతో నిలవవు కాబట్టి విజయవాడలో మిషన్ మీద వేయించాను. కూలి 900. ముందు సీట్లకి కూర్చునే భాగానికి ఒక ముక్క, వీపుకి హెడ్‌రెస్ట్ నుంచి ఏప్రన్‌లా వేలాడే ముక్క. పక్కల్లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న రెక్కల మీదికి ఒక్క అంగుళం కూడా రానివ్వలేదు. మొత్తం లెక్క 2,770. అన్ని సీట్లకీ ఒకే వరస బొంతలు. అది కావాలనే చేశాను. ఎవరి సీటూ ప్రత్యేకంగా కనపడకూడదు.

మావారు మొదట మొహం చిట్లించారు. “కొత్త కారు తెచ్చి ఎడ్లబండి చేశావు” అన్నారు. ఎడ్లబండి మీద గడ్డి పరిచి దుప్పటి వేసేవాళ్ళు కదా, ఆ పోలిక నాకేం తప్పనిపించలేదు.

ఆ గురువారం అత్తయ్య కారెక్కారు. బతిమాలించుకోలేదు. తను కుట్టిన ఎర్ర అంచు ముక్క మీద సర్దుకుని కూర్చుని, బెల్టు తాళం ఎక్కడుందో తనే వెతికి, ఏసీ వద్దని అద్దం దించారు. కాళ్ళ దగ్గర రెండు బుట్టల బంగినపల్లి కాయలు. ముచ్చిక కోసిన కాయల సొన తగిలితే బట్ట మీద గోధుమరంగు మచ్చ పడిపోతుంది, జన్మకి పోదు. అందుకని కాయల్ని ముందురోజే కోయించి, ముచ్చిక కిందికి పెట్టి సొనంతా కారాక, న్యూస్‌పేపర్లలో చుట్టి పెట్టారు. సీటు మీద పెడదామని మావారంటే, “బుట్టలకి కిందే చోటు. సీట్లు మనుషులకి” అని కసిరారు.

మోకాళ్ళ డాక్టర్ అయ్యాక, “ఇంకో డాక్టరమ్మ ఉన్నారు, నేను ఎలాగూ చూపించుకోవాలి, తోడొస్తారా?” అన్నాను. వచ్చారు. లోపల నాకంటే ఎక్కువసేపు ఆవిడే మాట్లాడారు. ఏం మాట్లాడారో మావారికి చెప్పలేదు, ఇక్కడా చెప్పను. రాసిచ్చిన వ్యాయామాల కాగితం మడిచి బొడ్డులో దోపుకున్నారు.

ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నారు. తెల్లారి నేను లేచేసరికి వెనక సీటు బొంత ఉతికి దండెం మీద ఉంది. షీటు నీడలో, గోడకి ఆనించి ఉంది. ఆవిడ వంటింట్లో కాఫీ కలుపుతున్నారు. మావారు కిటికీలోంచి చూసి, “నిన్ననేగా వేశారు, అప్పుడే ఉతికేశారేంటి?” అన్నారు. “కొత్త బొంత ఒకసారి ఉతికితేనే మెత్తబడేది” అన్నాను. స్టవ్ దగ్గర చెంచా చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. సీటు తడిమి చూశాను, పొడిగా ఉంది.

అయిదు నెలలైంది. ఇప్పుడు రెండు జతలున్నాయి. ఒకటి సీటు మీద, ఒకటి దండెం మీద. అత్తయ్య నెలకోసారి వస్తున్నారు. మధ్యలో ఒకసారి ద్వారకా తిరుమల కూడా వెళ్ళొచ్చాం. కింద మీగడరంగు అలాగే ఉంది. మా ఎదురింటావిడ తన కారుకి కూడా కుట్టిపెట్టమని అడిగితే, “చీరలు నీవే తెచ్చుకోవాలి, నావి మా కారుకే చాలవు” అన్నారట మా అత్తయ్య.

పోయిన వారం ఫోన్ చేశారు. “అమ్మాయ్, ఆ ఎర్ర అంచుది మధ్యలో పల్చబడింది. నీలం చీర ఒకటి తీసి పెట్టాను. వచ్చేటప్పుడు రబ్బరు షీటు ఇంకోటి పట్రా, ఈసారి కాస్త వెడల్పుది.”